విమానం ఎందుకు పడిందంటే

మా మావయ్యకి కారణం తెలియని సంగతి ఒకటి ఈ భూమ్మీద ఉందంటే ముద్ద దిగదు. ఎవరైనా తుమ్మితే మనలాంటి వాళ్ళం పక్కకి జరుగుతాం. ఆయన దగ్గరికి జరుగుతాడు. నిన్న ఏం తిన్నావు, ఏ కిటికీ పక్కన పడుకున్నావు, తుమ్ము ముందు ముక్కులో వచ్చిందా గొంతులో వచ్చిందా అని అడిగి, అంతా విని, కళ్ళు సగం మూసి "ఎందుకంటే" అని మొదలుపెడతాడు. ఆ ఎందుకంటే తర్వాత వచ్చేది నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు తప్పు. మిగిలిన ఆ ఒక్కటీ గుడ్డిగా తగిలింది. వీధివీధంతా ఆయన్ని చాటున "ఎందుకంటేగారు" అంటుంది. మొహం మీద కూడా అంటుంది. ఆయనేం బాధపడడు, వాళ్ళు అలా ఎందుకంటున్నారో ఆయన దగ్గర వేరే కారణం ఉంది.

ఈ జబ్బు ఆయనకి వృత్తిలోంచి అంటుకుంది. మావయ్యది లాండ్రీ. కౌంటరు దగ్గర చీటీలు రాసేది నేను, వెనకగదిలో ఇస్త్రీ పెట్టేది అత్తయ్య, మరకలు తీసేది ఆయన. మరక దేనిదో తెలియకుండా మందు వేస్తే మరకతోపాటు గుడ్డ కూడా పోతుంది. కాబట్టి ఏ చొక్కా వచ్చినా వెలుతురులో పెట్టి, వాసన చూసి, ఇదెలా పడిందండీ అని అడుగుతాడు. అక్కడితో ఆగితే ఆయన మావయ్య ఎందుకవుతాడు? మరక పడిన వేళ చొక్కాలోని మనిషి ఏ మూడ్‌లో ఉన్నాడో కూడా చెప్పందే ఊరుకోడు.

ఓసారి బ్యాంకు మేనేజరుగారు తెల్లచొక్కా తెచ్చి, సిరా పడిందన్నారు. మావయ్య వాసన చూశాడు. సిరా తియ్యగా ఉండదు సార్ అన్నాడు. మేనేజరుగారు నీళ్ళు నమిలారు. ఆయనకి షుగరు, పక్కన భార్య నిలబడి ఉంది. మావయ్యకి అదేం పట్టలేదు. ఇది చాక్లెట్ కేకు, అదీ నిలబడి తిన్నది, ఎందుకంటే కూర్చుని తింటే మరక ఒళ్ళో పడాలి, గబగబా తిన్నది, ఎందుకంటే చుక్క సాగింది అని కూలంకషంగా వివరించాడు. మేనేజరుగారు ఆ తర్వాత చాన్నాళ్ళు చొక్కాలు అవతలి వీధిలో ఇచ్చుకున్నారు. ఆయన మా షాపు ఎందుకు మానేశారో కూడా మావయ్య కారణం కనిపెట్టాడు. పార్కింగు ఇబ్బందట.

ఇంట్లోనూ ఇదే వరస. వంటగదిలో పైపు పగిలి నీళ్ళు చిమ్ముతుంటే అత్తయ్య బకెట్లతో పరుగులు పెడుతోంది. ఈయన మోకాళ్ళమీద కూర్చుని, పైపు లోపలినుంచి పగిలిందా బయటినుంచి పగిలిందా అని చూస్తున్నాడు. అత్తయ్య వెళ్ళి మెయిను కట్టేసి వచ్చేసరికి, తడిసి ముద్దయిన మొహంతో, నువ్వు కట్టేశావు గనక ఇక ఎప్పటికీ తెలియదు అని నిష్టూరమాడాడు. ఇంకోసారి షాపు బోర్డు తుడుస్తూ నిచ్చెనమీంచి పడ్డాడు. మేం లబోదిబోమంటూ వెళ్ళేసరికి రోడ్డుమీద వెల్లకిలా పడుకుని నిచ్చెన వైపు వేలు చూపిస్తూ ఉపన్యాసం మొదలుపెట్టేశాడు. ఎక్కడ నొప్పి అని డాక్టరుగారు అడిగితే, నొప్పి సంగతి తర్వాత, ముందు నేనెందుకు పడ్డానో వినండి అన్నాడు. డాక్టరుగారు విన్నారు పాపం. పిండికట్టు వేస్తూ మధ్యలో వదిలేసి ఎక్కడికి పోతారు?

ఇలాంటి మనిషి జీవితంలోకి ఒకరోజు పొద్దున్నే విమానం వచ్చి పడింది.

హ్యాంగర్ల మీద ఉన్న మా చిన్న టీవీలో వార్త మొదలయ్యేసరికి షాపులో అరడజను మంది ఉన్నారు. సముద్రం మీద పోతున్న పెద్ద ప్రయాణికుల విమానం నీళ్ళలో పడింది. అదృష్టం బాగుండి దగ్గర్లోనే చేపల పడవలు ఉన్నాయి. దెబ్బలు తగిలితే తగిలాయి గానీ ఎక్కినవాళ్ళందరినీ బతికుండగానే పైకి తీశారు. విమానం మాత్రం అడుక్కి వెళ్ళిపోయింది. ఎందుకు పడిందో ఎవరికీ తెలియదు, తెలియడానికి నెలలు పట్టొచ్చు అన్నాడు టీవీ ఆయన.

మావయ్య మొహం చూడాలి ఆ క్షణాన. పాతికేళ్ళుగా తుమ్ములకీ పైపులకీ కారణాలు వెతుక్కుని బతికిన మనిషికి ఒక్కసారిగా విమానం దొరికింది. చేతిలో ఉన్న ప్యాంటు అలాగే పట్టుకుని, "ఎందుకంటే..." అన్నాడు. ఇంకా ఏమీ ఆలోచించుకోలేదు, అలవాటుకొద్దీ అనేశాడు. అందరూ ఆయన వైపు తిరిగారు. పిట్టలు అన్నాడు. సముద్రం మీద వలస పోయే పిట్టలు ఇంజన్లో పడ్డాయట.

మధ్యాహ్నానికి ఇంకో వార్త తెలిసింది. ఆ విమానం నడిపింది మా ఎదురింటి లెక్కల టీచరుగారి అమ్మాయి.

టీచరుగారి గురించి చెప్పాలి. మా వీధి ఎంత ఇరుకంటే, మా కౌంటరు దగ్గర మాట్లాడిన మాట సరాసరి ఎదురు మేడమీద ఆవిడ కిటికీలోకి వెళ్తుంది. చిన్నప్పుడు నేను కౌంటరు కింద కూర్చుని ఎక్కాలు తప్పు చదివితే పైనుంచి సరిదిద్దేది. ఎవర్నీ లెక్కచేయని మనిషి, వీధిలో నడిచి వస్తుంటే కుర్రవాళ్ళు సైకిళ్ళు దిగేవారు. ఒక్కతే కూతురు. సెలవుకి వచ్చినప్పుడల్లా ఆ అమ్మాయి తెల్లచొక్కాలు మా దగ్గరే ఉతికించేది. ఇప్పుడు దవడ ఎముక విరిగి సముద్రం అవతల ఆస్పత్రిలో ఉంది. పళ్ళు తీగలతో కట్టేశారు, నోరు తెరవడానికి లేదు. బాగానే ఉన్నానని ఫోన్లో రెండు ముక్కలు రాసి పంపుతుంది, అంతే. విమానం గురించి ఒక్క మాట రాయకూడదని విచారణ వాళ్ళు గట్టిగా చెప్పారట. వెళ్ళి చూద్దామంటే టీచరుగారికి ప్రయాణపు కాగితాలు ఇంకా రాలేదు.

నోరున్న మనిషి నోరు కట్టేసి ఉందంటే ఊళ్ళో మిగతా నోళ్ళన్నీ ఊరుకుంటాయా? సాయంత్రానికల్లా టీవీలో పెద్దమనుషులు కూర్చుని తీర్పులు చెప్పేశారు. పైలట్ కునుకు తీసి ఉంటుందని ఒకాయన, కంగారుపడి ఉంటుందని ఇంకొకాయన, ఆడపిల్ల చేతికి అంత పెద్ద విమానం ఇవ్వడమేమిటని మూడో ఆయన. టీచరుగారు బడికి సెలవు పెట్టి తలుపేసుకుంది. పాలవాడు పెట్టిన ప్యాకెట్టు గుమ్మంలోనే ఉండిపోయేది. కిటికీ మాత్రం తెరిచి ఉండేది. పరదా వెనక ఆవిడ నీడ కనిపించేది.

ఇక మా షాపు సంగతి. మావయ్య రెచ్చిపోయాడు. పొద్దున ఒక కారణం, సాయంత్రం ఒక కారణం. పిట్టల తర్వాత ఎలుక వచ్చింది. సామాన్లతోపాటు ఎక్కిన ఎలుక తీగలు కొరికిందట. ఆ ఎలుక ఏ ఊళ్ళో ఎక్కింది, ఏ పెట్టెలో ఎక్కింది, ఆకలితో కొరికిందా దిగులుతో కొరికిందా, అన్నీ చెప్పాడు. జనం పనులు మానుకుని వినడానికి వచ్చేవారు. ఉతకడానికి బట్టలు లేనివాళ్ళు ఉతికిన బట్టలే పట్టుకొచ్చేవారు.

ఎలుక తర్వాత నైలాన్ దుప్పట్లు. విమానంలో అందరూ చలికి నైలాన్ దుప్పట్లు కప్పుకుని, అటూ ఇటూ దొర్లేసరికి నిప్పురవ్వ పుట్టిందట. నమ్మనివాళ్ళకి చూపిస్తానని మావయ్య ఓ కస్టమరు ఇచ్చిన నైలాన్ దుప్పటి తీసి తలమీద రుద్దుకున్నాడు. జుట్టు నిక్కబొడుచుకుంది. అదే చేత్తో ఇనప రాడ్డు పట్టుకునేసరికి చిటుక్కుమని షాకు కొట్టి ఎగిరి బట్టల బుట్టలో పడ్డాడు. బుట్టలోంచే, చూశారా, నేను చెప్పలా అన్నాడు.

ఆ హడావుడిలో పాతికేళ్ళలో ఎన్నడూ జరగనిది జరిగింది. అత్తయ్య కూడా వినడానికి ముందుగదిలోకి వచ్చి, ఇస్త్రీపెట్టె డాక్టరుగారి ప్యాంటు మీద మర్చిపోయింది. పొగ వచ్చేదాకా ఎవరం చూడలేదు. అచ్చంగా ఇస్త్రీపెట్టె ఆకారంలో మాడింది. ఇదెలా అయిందని డాక్టరుగారు అడిగితే, ఎలుక వల్లనండి అని అత్తయ్య నిజమే చెప్పింది.

అత్తయ్యకి ఆ రోజుల్లో ఒకటే ఫిర్యాదు. ఈయన మాట్లాడ్డం లేదు, అరుస్తున్నాడు. కౌంటరు ముందు నిలబడ్డవాళ్ళు చెవిటివాళ్ళు కారు గదా, ఆ గొంతేమిటి, వెనకగదిలో నాకు తల పగిలిపోతోంది అనేది. నిజమే. గుసగుసగా చెప్పినా వినడానికి జనం మెడలు సాచుకుని ఉంటే, ఈయన సముద్రం అవతలికి వినపడేలా చెప్పేవాడు.

నాకు లైటు వెలిగింది ఇన్సూరెన్సు ఏజెంటు వల్ల. ఆయన రోజూ పేపరు చంకలో పెట్టుకుని వచ్చేవాడు. ఒకరోజు వచ్చీరాగానే, "ఏమన్నా అనండి, అనుమానమంతా ఆ పైల..." అన్నాడు. ఆయన పైలట్‌లో "ట్" అనేలోపు మావయ్య కౌంటరు మీద దెబ్బ వేసి, ఎడమవైపు కూర్చున్నవాళ్ళంతా తిమింగలాన్ని చూడ్డానికి ఒక్కసారిగా కుడివైపుకి పరిగెత్తారని, విమానం ఒరిగిపోయిందని గట్టిగా అందుకున్నాడు. అంతకు ముందు క్షణందాకా ఆయన దుప్పట్ల మీదే ఉన్నాడు. ఈ తిమింగలం ఇంతలో ఎక్కణ్ణుంచి వచ్చిందా అని నేను ఆలోచనలో పడ్డాను. గుర్తుచేసుకుంటే, ఎలుక వచ్చిందీ ఇలాగే. ఎవరో కునుకు గురించి ఎత్తారు, ఎలుక ఊడిపడింది. ఎవరో ఆడపిల్ల అన్నారు, దుప్పట్లు లేచాయి. పిట్టలు, ఎలుక, దుప్పట్లు, మధ్యమధ్యలో మబ్బులు, తుప్పు, ఇప్పుడు తిమింగలం. ఇందరు దోషుల్లో విమానం నడిపిన మనిషి పేరు ఒక్కసారి కూడా రాలేదు. తల ఎత్తి చూశాను. ఎదురు కిటికీలో పరదా కదిలింది.

ఆ సాయంత్రం షట్టరు దింపుతూ అడిగేశాను. "మావయ్యా, నిజం చెప్పు. విమానం ఎందుకు పడిందనుకుంటున్నావు?"

తాళం వేసి, ఓసారి లాగి చూసి, ఎన్నడూ లేనంత మెల్లగా చెప్పాడు. "నాకేం తెలుసే? నేనెప్పుడైనా విమానం ఎక్కానా? ఆ పిల్ల పొరపాటే అయి ఉండొచ్చు."

ఎవరైనా విన్నారేమోనని నేను ఎదురు కిటికీ వైపు చూశాను.

"అయితే మాత్రం? తేల్చేవాళ్ళు తేలుస్తారు. ఈలోగా వాళ్ళమ్మ ఆ కిటికీ దగ్గర కూర్చుని వింటోంది. ఏదో ఒకటి వినక తప్పదు గదా, ఎలుక గురించి వింటే పోయిందేముంది?"

నాకు ఆ మనిషిని కావలించుకోవాలనిపించింది. ఆయన అప్పటికే తాళం ఎందుకు బిగుసుకుందో చెప్పడం మొదలుపెట్టాడు గనక ఊరుకున్నాను.

మర్నాడు తిమింగలం రెండో రోజు. జనం కిటకిటలాడుతున్నారు. మావయ్య హ్యాంగర్ల రాడ్డునే విమానం చేసి, కోట్లన్నీ కుడివైపుకి తోసి, చూడండి ఎలా వంగిందో అని చూపిస్తున్నాడు. రాడ్డు నిజంగానే వంగింది. అంతలో ఎదురింటి తలుపు ధడేలున తెరుచుకుంది. టీచరుగారు ఇంటి చెప్పులతో, చెదిరిన జుట్టుతో మెట్లు దిగి, వీధి దాటి, జనాన్ని రెండుగా చీల్చుకుంటూ కౌంటరు దగ్గరికి వచ్చింది. అందరం బిక్కచచ్చిపోయాం. ఇన్నాళ్ళకి బయటికి వచ్చింది, ఏడుస్తుందో తిడుతుందో తెలియదు.

"ఏమండీ," అంది, "విమానం బరువెంతో మీకేమైనా అంచనా ఉందా?"

మావయ్య తల అడ్డంగా ఊపాడు.

"అందులో మనుషుల బరువు ఎన్నో వంతు? ఇన్నాళ్ళూ ఓపిగ్గా విన్నాను. ఎలుకని భరించాను, దుప్పట్లని భరించాను. ఇది మాత్రం నావల్ల కాదు." మరకల చుట్టూ గీత గీసే సుద్దముక్క తీసుకుని కౌంటరు మీదే లెక్క మొదలుపెట్టింది.

మావయ్య తగ్గలేదు. లావుపాటివాళ్ళంతా ఒకవైపు కూర్చుని ఉండొచ్చన్నాడు. ఆవిడ దానికీ లెక్క వేసింది. పైగా తిమింగలం పెద్దది గనక అందరూ గట్టిగా పరిగెత్తి ఉంటారన్నాడు. ఆవిడ ఒంటికాలి మీద లేచింది. మావయ్యకి లెక్కలు రావని నాకు తెలుసు గానీ అంత రావని తెలియదు. కావాలనే చేస్తున్నాడో, నిజంగానే అంతో, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. కౌంటరంతా అంకెలతో నిండిపోయేసరికి టీచరుగారి చెంపలు ఎర్రబడ్డాయి, గొంతు ఎప్పటిలా బడిలో గొంతు అయిపోయింది. మీలాంటి విద్యార్థిని నా ఉద్యోగంలో చూడలేదు, రేపు వస్తాను, తుప్పు సంగతి కూడా తేల్చాలి అని వెళ్ళిపోయింది. ఆ రోజు పాల ప్యాకెట్టు లోపలికి వెళ్ళింది.

అప్పట్నుంచి రోజూ వచ్చేది. అత్తయ్య ఆవిడ కోసం ఓ కుర్చీ వేసింది. ఆవిడ మబ్బుల్ని కొట్టేస్తే మావయ్య మంచు తెచ్చేవాడు. మంచుని కొట్టేస్తే మళ్ళీ పిట్టలు. నాకు చీటీ రాసుకునే చోటు లేకుండా పోయింది.

ఒకరోజు వీధిలోకి కొత్తగా అద్దెకి దిగినాయన దుప్పట్లు ఇవ్వడానికి వచ్చాడు. పాపం ఆయనకేం తెలియదు. టీవీ వైపు చూస్తూ, ఇందులో ఆలోచించడానికేముందండీ, నడిపిన అమ్మాయిదే తప్పు, చూస్తే తెలియడంలా అనేశాడు. మావయ్య నోరు తెరిచాడు. పిట్ట గానీ ఎలుక గానీ ఏదీ సమయానికి రాలేదు. ఇన్సూరెన్సు ఏజెంటు పేపరులో తల దూర్చేశాడు. అత్తయ్య వెనకనుంచి ఇస్త్రీపెట్టెతో సహా వచ్చేసింది.

టీచరుగారు కుర్చీలోంచి లేవలేదు. "అయి ఉండొచ్చు బాబూ," అంది. "ఆ అమ్మాయి మా అమ్మాయే. నోరు కట్టేసి ఉంది, విప్పగానే నేనే అడుగుతాను. తప్పయితే తప్పని చెబుతుంది, అలాగే పెంచాను. అందరినీ నీళ్ళమీద ప్రాణాలతో దింపింది, అది మటుకు ఇప్పుడే చెప్పగలను." సుద్దముక్క అందుకుని, "ఈలోగా కూర్చోండి. ఈ పెద్దమనిషి ఎలుక గురించి చెబుతాడు, దాంట్లో ఎన్ని తప్పులున్నాయో మీరూ చూడండి" అంది.

ఆయన సిగ్గుతో చితికిపోయి దుప్పట్లు వదిలేసి వెళ్ళబోతే, మావయ్య చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. ఎలుకని ఆ రోజు చెప్పినంత గొప్పగా ఎన్నడూ చెప్పలేదు.

విచారణ వాళ్ళు చాలా కాలం తర్వాత ఇంజన్లో ఏదో రేకు విరిగిందని, అమ్మాయి తప్పేమీ లేదని తేల్చారు. ఆ ముక్క పేపరు లోపలి పేజీలో ఓ మూల వచ్చింది గనక ఊళ్ళో సగం మందికి ఇప్పటికీ తెలియదు. కానీ నేను చెబుతున్న నాటికి ఎవరికీ ఏమీ తెలియదు. అలాంటి ఒకరోజు టీచరుగారు కౌంటరు దగ్గర మంచు మీద పోట్లాడుతుండగా ఆవిడ ఫోను మోగింది. చూసి, చెవికి పెట్టుకుని, కుర్చీలో కూలబడింది. అమ్మాయి గొంతు. పొద్దున్నే దవడకి కట్టిన తీగలు విప్పారట. ఆవిడ చాలాసేపు ఊ అంటూ, నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ విని, ఫోను మావయ్య వైపు చాపింది. మీతో మాట్లాడతానంటోంది, మీ ఎలుక గురించి రాశాన్లెండి అంది.

ఆ విమానం ఎందుకు పడిందో చెప్పగల మనిషి ఈ లోకంలో ఎవరైనా ఉంటే ఆ అమ్మాయే, ఆ అమ్మాయి మా మావయ్య చెవిలో ఉంది. ఇన్సూరెన్సు ఏజెంటు అడగండి అడగండి అని సైగలు చేస్తున్నాడు. అత్తయ్య మోచేత్తో పొడుస్తోంది. డాక్టరుగారు, ఆ మాడిన ప్యాంటు డాక్టరుగారే, ముందుకు వంగి చెయ్యి చెవికి అడ్డం పెట్టుకున్నారు. మావయ్య గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, ఏమన్నా నమలగలుగుతున్నావా?" అన్నాడు.

అవతల ఏదో చెప్పింది. మంచిది, నెమ్మదిగా నములు తల్లీ, తొందరేం లేదు అన్నాడు. మీ అమ్మ నన్ను బతకనివ్వడం లేదు, త్వరగా వచ్చి తీసుకుపో అన్నాడు. అంతే, ఫోను టీచరుగారి చేతిలో పెట్టేశాడు.

ఇన్సూరెన్సు ఏజెంటు తల బాదుకున్నాడు. ఇన్నాళ్ళు మా చెవులు చిల్లులు పొడిచి, తీరా తెలిసిన మనిషి దొరికితే అడగరేమండీ అని మీదమీదకి వచ్చాడు.

మావయ్య మేనేజరుగారి చొక్కా ఒకటి అందుకుని వెలుతురులోకి ఎత్తాడు. "అడగాల్సింది అడిగానుగా," అన్నాడు. "నములుతోందట."